చెరిపేయాల్సిన గొంతు

హెడ్‌ఫోన్ చెవులకు పెట్టగానే జోగులమ్మ కళ్లు మూసుకుంది.

"మా అమ్మకు రోజూ ఫోన్ చేస్త సార్. అమ్మా అంటె చాలు, ఏడుస్తది. ఈ బిల్డింగ్ పని అయిపోంగనె ఊరికి పోత. మల్ల రాను." ముంబైలో కూలిపని చేసే కుర్రాడి గొంతు. వెనక కాంక్రీటు మిషన్ రొద.

"ఇంకొక్కపారి పెట్టు బిడ్డా," అంది జోగులమ్మ.

సింధూజ మళ్లీ పెట్టింది.

వలస కూలీల బతుకుల మీద నాలుగు దేశాల పరిశోధకులు కలిసి చేస్తున్న అధ్యయనం అది. వనపర్తి ఆఫీసును సింధూజ చూసుకుంటుంది. రికార్డింగుల్లో కూలీల పేర్లుండవు. ఊరు, వయసు, చేసే పని, అంతే.

జోగులమ్మ కొడుకు లక్ష్మణ్ ముంబైలో, కడుతున్న బిల్డింగ్ మీంచి పడి చనిపోయాడు. "మీరు ఆడ మా పిల్లలను కలిసిండ్రంట. మావోడున్నడా జర చూడు బిడ్డా," అంటూ ఆమె వచ్చినప్పుడు, సింధూజ ఊరూ వయసూ చూసి ఈ గొంతును వెతికి పెట్టింది. మొదటిసారి విని జోగులమ్మ నేల మీద కూలబడిపోయింది. అప్పట్నించీ పెబ్బేరు సంతకొచ్చినప్పుడల్లా వనపర్తి దాకా వస్తోంది.

ఆమె వెళ్లిపోయాక కూడా ఆ గొంతు గదిలోనే తిరుగుతున్నట్టుండేది. ఫ్యాను కట్టేసినా సింధూజకు మిషన్ రొద వినిపించేది. చచ్చిపోయినవాడు 'ఊరికి పోత' అంటుంటే ఒళ్లు జలదరించేది.

అధ్యయనం ముగిసింది. నిబంధన ప్రకారం గొంతులన్నీ చెరిపేయాలి. ఈ ఒక్కటీ ఉంచమని సింధూజ కమిటీని బతిమాలుకుంది.

కమిటీ ఆన్‌లైన్లో సమావేశమైంది. నైరోబీ నుంచి అధ్యక్షురాలు, నార్వే నుంచి ఒకాయన, ఫిలిప్పీన్స్ నుంచి ఒకావిడ. ఇటు తెర ముందు జోగులమ్మ, పక్కన మాటలు తర్జుమా చేస్తూ సింధూజ.

"చనిపోయినవాడి తరఫున అనుమతి ఎవరిస్తారు?" అన్నాడు నార్వే ఆయన.

"తల్లి ఇవ్వొచ్చు," అంది అధ్యక్షురాలు. "కానీ ఇది పేరు లేని గొంతు. ఎవరిదో ఆమే చెప్పాలి."

సింధూజ జోగులమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, గీ గొంతు నీ కొడుకుదేనా అని అడుగుతున్నరు."

జోగులమ్మ కొంగు అంచును వేలికి చుట్టింది, విప్పింది.

"అమ్మా అంటుండు గద," అంది చివరికి. "ఆ అమ్మను నేనే అని చెప్పు. చెరపొద్దని చెప్పు. కాళ్లు మొక్కుతనని చెప్పు బిడ్డా."

సింధూజ ఆ మాటల్ని ఒక్కటీ వదలకుండా తర్జుమా చేసింది. ఫిలిప్పీన్స్ ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఉంచుదామంటూ అందరికంటే ముందు చేయెత్తింది నార్వే ఆయనే.

ఆ సాయంత్రం సింధూజ ఆ గొంతును ఒక ఫోన్లోకి ఎక్కించి ఇచ్చి, బస్టాండు దాకా తోడు వచ్చింది. బెంచీ మీద కూర్చుని జోగులమ్మ ఫోన్‌ను చెవికి ఆనించుకుంది.

"చిన్నప్పుడు గూడ గిట్లనే ముద్దుగ మాట్లాడేటోడా పెద్దమ్మా?" అడిగింది సింధూజ.

జోగులమ్మ ఫోన్‌ను గుండెకు అదుముకుని, వస్తున్న బస్సు వైపు చూస్తూ చెప్పింది:

"మా లక్ష్మణ్ పుట్టుమూగోడు బిడ్డా."