పువ్వు గారి ఆలస్యం

ఏడు వారాలైనా పుస్తకం కదల్లేదు.

కళ్ళద్దాల షాపు ఆవిడకి ఓపిక చచ్చిపోయింది.

రోజంతా వచ్చినవాళ్ళందరి చేతా గోడమీది అక్షరాలు చదివించే ఆవిడ, తను మాత్రం పదకొండేళ్ళపాటు పుస్తకమన్నది పట్టుకోలేదు. కిందటేడు ఎవరో ఫోన్‌లో ఓ గ్రూపులో చేర్చారు. పేరు 'చేతులు మారే పుస్తకాలు'. నలభై మంది. ఒకరి పుస్తకం వరసగా అందరికీ పోస్టులో తిరుగుతుంది. పది రోజుల్లో చదివి, గ్రూపులో నాలుగు ముక్కలు రాసి, తరవాతి వాళ్ళకి పంపెయ్యాలి. చిరునామా చీటీలు కూడా గ్రూపు నడిపే రిటైర్డ్ పోస్టుమాస్టరే అచ్చు వేయించి ఇస్తాడు. అతికించి పడేస్తే సరి.

మొదటి పుస్తకాన్ని ఆవిడ నాలుగు రోజుల్లో నమిలేసింది. అప్పట్నుంచీ పోస్టుమ్యాన్ కనబడితే చాలు, కళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళని కుర్చీలోనే వదిలేసి గుమ్మంలోకి పరుగు.

ఇప్పుడు ఆగిపోయింది ఆవిడ సొంత పుస్తకం. పదిహేనో ఏట పాత పుస్తకాల కొట్లో కొనుక్కున్న నవల. అట్ట పోయింది, మధ్యలో పదహారు పేజీలు కొనేటప్పటికే లేవు. అయినా అదంటే ప్రాణం.

అది పువ్వు గారి దగ్గర ఉంది.

ఆ పేరు గ్రూపు పెట్టిందే. చేరేటప్పుడే పోస్టుమాస్టరుకి ఫోన్ చేసి, వరసలో మొదటి చోటు అడిగి మరీ పుచ్చుకున్నాడాయన. ఎవరి పుస్తకమైనా ముందు ఆయన చేతిలో పడాల్సిందే. పడ్డాక నెలకి గానీ కదలదు. పోనీ ఒక్క ముక్క రాస్తాడా అంటే, ఆ పాపాన పోలేదు. ఓ పువ్వు బొమ్మ పెట్టి ఊరుకుంటాడు.

ఆవిడ గ్రూపులోనే అడిగేసింది.

"పువ్వు గారూ, నా పుస్తకం ఏదండీ?"

పువ్వు.

"ఏడు వారాలండీ! చదవడం అంత కష్టమా?"

పువ్వు.

"అసలు చదువుతున్నారా, దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారా? మిగతావాళ్ళం మీకు మనుషుల్లా కనబడ్డం లేదా?"

ఈసారి రెండు పువ్వులు.

ఆవిడకి ఒళ్ళు మండింది. పోస్టుమాస్టరుకి ఫోన్ కొట్టింది.

"మాస్టారూ, ఆయన్ని తీసేస్తారా, నన్ను పొమ్మంటారా?"

"తొందరపడకమ్మా. పెద్దవాడిలా ఉన్నాడు."

"పెద్దవాడైతే వెక్కిరించచ్చా?"

పోస్టుమాస్టరు నిట్టూర్చాడు. చాలామందిది అదే మాట. పువ్వు గారి పేరు తీసేసి, పుస్తకం వెనక్కి పంపడానికి ఆవిడ చిరునామా చీటీ పోస్టులో వేశాడు.

వారానికి పార్సెల్ వచ్చింది.

విప్పి చూసి, ఇది నాది కాదే అనుకుంది. గట్టి అట్ట. నీలం గుడ్డ అంటించిన వెన్ను. ఎక్కడ తెరిస్తే అక్కడ ఒద్దికగా పరుచుకుంటోంది.

తొంభై ఆరో పేజీ తరవాత తొంభై ఏడు ఉంది.

పోయిన పదహారు పేజీలూ జిరాక్సు తీసి, అంచులు సరిచేసి, తేడా తెలియకుండా కలిపి కుట్టి ఉన్నాయి. అవి చదవడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి. కుర్చీలో కూర్చున్నతను రెండుసార్లు దగ్గినా వినబడలేదు.

చదివాక సిగ్గేసింది. మళ్ళీ ఫోన్ చేసింది.

"మాస్టారూ, ఇన్నాళ్ళూ మనకొచ్చిన పుస్తకాలు..."

"అదే చెబుదామనుకుంటున్నానమ్మా. నిన్న ఓ పుస్తకం విప్పితే పేకముక్కల్లా జారిపోయింది. పంపినాయన్ని ఇదేమిటయ్యా అంటే, 'ఎప్పుడూ ఇలాంటివే పంపుతానండీ, బాగై తిరిగొస్తాయి. మీరే చేయిస్తున్నారనుకున్నా' అన్నాడు."

"ఆయన్ని మళ్ళీ చేర్చండి మాస్టారూ."

"ఆ నంబరు పనిచెయ్యడం లేదు."

ఆదివారం ఆవిడే చిరునామా పట్టుకుని వెళ్ళింది. ఇరుకు వీధి, ఒంటిగది. ఆయన భార్య తలుపు తీసింది.

"లేరమ్మా. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని దొరికితే వేరే ఊరు వెళ్ళారు."

"ఫోన్ నంబరేమైనా..."

"ఫోనే అమ్మేశారు. అందులో పుస్తకాలవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళు కనబడకుండా పోయాక ఇంకెందుకన్నారు."

గోడవార నేలమీద, ఏదో బరువైంది ఏళ్ళ తరబడి నిలబడ్డ మచ్చ ఉంది. ఆవిడ చూపు అక్కడే ఆగింది.

"పుస్తకాలు బిగించే మర ఉండేదమ్మా. బైండింగు షాపు మూసేశాక ఇంటికి తెచ్చుకున్నారు. మొన్న పాత ఇనుముకి వేసేశారు."

"నా పుస్తకం మీద చాలా రోజులు కూర్చున్నట్టున్నారు."

"ఆ పదహారు పేజీలదా? అది మీదేనా! దాని కోసం ఎనిమిది లైబ్రరీలు తిరిగారు. ఆ రోజుల్లోనే ఎవరో మూడుసార్లు గ్రూపులో రాశారట. అంత పొడుగ్గా రాశారంటే పుస్తకం ఎంత నచ్చిందో అని ఫోన్ నాకు చూపించి ఒకటే మురిసిపోయారు."

ఎలాగైనా ఈ తప్పు దిద్దుకోవాలి.

"ఆయనకి ఎలాంటి పుస్తకాలిష్టమో చెప్పండమ్మా. ఎక్కడున్నా పంపిస్తాను, చదువుకుంటారు."

ఆ ఇల్లాలు నవ్వింది.

"చదవడమా! పేజీల మీది అంకెలు తప్ప, ఆయనకి అక్షరం ముక్క రాదమ్మా."