మైదానంలో వైవా

“ఈ నాలుగో అధ్యాయం రాసింది నువ్వేనా?”

“నేనే మేడం.”

“అయితే ఈ సమీకరణంలో ఎడమపక్కనున్న అక్షరం దేనికి గుర్తో చెప్పు.”

అగ్గిపుల్ల ఆ పేజీ మీదికి వంగి చూసింది. సన్నగా ఉంటుందనీ, చదివేది ఫైర్ ఇంజినీరింగ్ అనీ క్లాసువాళ్ళు పెట్టిన పేరది. ఇవాళ మాత్రం ఎంత గీసినా వెలిగేలా లేదు. కంప్యూటర్‌లో లెక్క వేస్తే రంగురంగుల పొగ బొమ్మలు వచ్చాయి. వాటిని రిపోర్టులో అతికించింది. అవి ఎందుకలా వచ్చాయో ఆ కంప్యూటర్‌కే తెలియాలి.

“ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు టీ తాగి వస్తారు. ఆయన ముందు నా పరువు తీశావంటే ఊరుకోను,” అంది డిపార్టుమెంటు హెడ్డు. ఆమె గొంతు మూడంతస్తులకూ వినిపిస్తుంది. అందుకే పిల్లలు చాటున సైరన్ మేడం అంటారు.

అగ్గిపుల్ల చెవులు వరండా వైపే ఉన్నాయి. వరండా చివర గోడకున్న ఫైర్ అలారం ఎర్రపెట్టె అద్దం పగలగొట్టాల్సింది తన రూమ్మేటు నత్త. గంట మోగితే జనమంతా బయటికి పరిగెత్తుతారు, వైవా వాయిదా పడుతుంది. జనాన్ని నిప్పు నుంచి కాపాడే చదువు చదువుతూ దొంగ గంట కొట్టించడం తప్పే. అది తెలియక కాదు. ఫెయిలయితే చేతికందిన ఉద్యోగం పోతుంది, పైగా ఇంకో ఏడాది ఈ గొంతు వినాలి.

“ఏంటమ్మా, మౌనవ్రతమా?”

అంతలో గంట మోగింది. చెవులు చిల్లులు పడేలా మోగింది.

‘నా బంగారు నత్తా!’ అనుకుంది అగ్గిపుల్ల.

మేడం ఒక్క ఉదుటున లేచింది. హ్యాండ్‌బ్యాగు అందుకుంది, లాప్‌టాప్ అందుకుంది, తలుపు దాకా వెళ్ళి కళ్ళజోడు కోసం వెనక్కొచ్చింది. ఆపైన తిన్నగా లిఫ్టు దగ్గరికి వెళ్ళి గబగబా మీట నొక్కసాగింది.

“మేడం, మెట్లు!” అని ఆమె చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది అగ్గిపుల్ల.

మెట్ల దగ్గర ఎక్స్‌టర్నల్ గారు కలిశారు. పెద్దాయన. చంకలో రిపోర్టు, మొహాన చెమటలు. మెట్లదారి తలుపు మూసుకోకుండా ఎవరో పూలకుండీ అడ్డం పెట్టారు. కింద బయటికి పోయే తలుపు ముందు విరిగిన బెంచీలు పేర్చి ఉన్నాయి. వాటి మధ్య సందు చేసుకుని, ఒకరినొకరు తోసుకుంటూ మైదానంలో పడ్డారు. అందరూ చేరాల్సిన చోటని బోర్డు పాతిన జాగాలో మేడం కారు పెట్టి ఉంది.

కాసేపటికి వాచ్‌మన్ వచ్చాడు. “నిప్పూ లేదు, పొగా లేదండీ. ఎవరో కావాలనే అద్దం పగలగొట్టారు.”

“ఎవడో తేలాలి! తేలితే ఈ కాలేజీ గడప తొక్కనివ్వను!” గంట ఆగినా సైరన్ ఆగలేదు.

అగ్గిపుల్ల మెల్లగా గుంపు వెనక్కి జరిగింది.

“ఆ సంగతి తర్వాత చూద్దురుగాని మేడం,” అన్నారు ఎక్స్‌టర్నల్ గారు. “నేను బండి అందుకోవాలి. వైవా ఇక్కడే, ఈ చెట్టు కింద కానిచ్చేద్దాం.”

పోయిందనుకున్న గండం చెట్టు కిందికే వచ్చి కూర్చుంది.

ఆయన రిపోర్టు తెరవలేదు. “పుస్తకంలో ఉన్నది ఎవరైనా అప్పజెబుతారు. ఇప్పుడే కదా కిందికి దిగొచ్చాం. దారిలో ఏమేం తప్పులు చూశావో చెప్పు.”

అగ్గిపుల్ల మేడం వైపు బెదురుగా చూసింది.

“భయపడకు. చెప్పమ్మా.”

చెప్పింది. పూలకుండీ చెప్పింది, బెంచీలు చెప్పింది, బోర్డు దగ్గరి కారు చెప్పింది. కళ్ళజోడు కోసం వెనక్కెళ్ళినవాళ్ళ గురించీ, లిఫ్టు మీట నొక్కినవాళ్ళ గురించీ పేరు ఎత్తకుండా చెప్పింది. మేడం చున్నీ సర్దుకుంటూ ఎటో చూసింది.

“సరే, ఆ కుండీ వల్ల నష్టమేంటి?”

“తలుపు మూసుకోదు సార్. లోపల వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. మెట్లదారి పొగగొట్టంలా దాన్ని లాగేస్తుంది. కిందికీ పైకీ మధ్య ఒత్తిడిలో తేడా...” అగ్గిపుల్ల టక్కున ఆగిపోయింది. “మేడం! ఆ అక్షరం ఒత్తిడి తేడా! ఎడమపక్కనున్నది!”

“ఇప్పటికి గుర్తొచ్చిందా తల్లీ!” అంది మేడం. నవ్వాపుకోవడం ఆమె వల్ల కాలేదు.

“బాగా చదివిన పిల్ల,” అన్నారు ఎక్స్‌టర్నల్ గారు. “పాస్.”

మేడం కారు తియ్యడానికి వెళ్ళిందో లేదో, నత్త రొప్పుతూ వచ్చింది.

“ఏమీ అనుకోకే. చెప్పు తెగి ఆలస్యమైంది.”

“ఆలస్యమేంటే, సమయానికే కొట్టావుగా!”

“నేనెక్కడ కొట్టానే? పెట్టె దగ్గరికి వెళ్ళేసరికే అద్దం పగిలి ఉంది.”

“మరెవరు?”

వెనక ఎవరో చిన్నగా దగ్గారు. ఎక్స్‌టర్నల్ గారు. బొటనవేలికి చేతిరుమాలు చుట్టి ఉంది, దానిమీద నెత్తుటి మరక.

“మీ మేడంతో అనకమ్మా,” అన్నారాయన, గొంతు బాగా తగ్గించి. “నీ రిపోర్టు నేనింకా ఒక్క పేజీ కూడా చదవలేదు.”