రెండు రంధ్రాలు

"బెల్మా, రేపటి కొండెక్కే కార్ల పోటీలో మనకి చోటు దొరికింది" అంటూ నెదీం ఫోను పట్టుకునే వంటింట్లోకి వచ్చాడు.

పెళ్లయి పంతొమ్మిది రోజులు. బెల్మా పిండి చేతులతోనే అతని మెడ చుట్టేసింది.

"ఇవాళే హీటర్ పెట్టెలు పీకేసి హెడర్లు, అదే రేసు పొగగొట్టాలు, బిగించాలి. ఇంజను ఇంకాస్త గుంజుతుంది."

"కారుకేమైనా అయితే? సోమవారం సముద్రానికి వెళ్లేది అందులోనేగా."

"ఏమీ కాదులే."

సరయేవోలో వాళ్లకున్నది ఆ ఒక్క పాత బీటిల్ కారే. దాని ఇంజనుకి నీళ్లుండవు, ఫ్యాను గాలికే చల్లబడాలి. పొగగొట్టాలని చుట్టుకున్న రేకు పెట్టెలు, ఫ్యాను మీది డొప్ప నుంచి రెండు గొట్టాల్లో గాలి తీసుకుని, చలికాలంలో లోపలికి వేడిగాలి పంపుతాయి. వేసవిలో వాటితో పనేముంది?

మధ్యాహ్నానికి పెట్టెలు ఊడాయి. తుప్పు నట్లతో నెదీం ఓపిక కూడా ఊడింది.

గేటు దగ్గర ఒక పెద్దాయన నిలబడ్డాడు. చంకలో వేడి రొట్టె.

"అబ్బాయ్, ఫ్యాను డొప్పకి అటూ ఇటూ రెండు రంధ్రాలు మిగిలాయి చూడు. మూసెయ్యి."

"తాతా, ఈ వీధిలో సలహాలిచ్చేవాళ్లు ఇప్పటికే పన్నెండు మంది."

"అయితే పదమూడోవాడి మాట విను."

"మీకు కారుందా?"

"ఉంది."

"నడుస్తుందా?"

"ఎత్తు రోడ్డయితే బాగానే నడుస్తుంది."

బెల్మాకి నవ్వాగలేదు.

"వెళ్లండి తాతా, రొట్టె చల్లారిపోతుంది" అని నెదీం మళ్లీ కారు కిందకి దూరాడు.

సాయంత్రం ఇంజను కొత్త గొంతుతో గర్జించింది. బెల్మా చప్పట్లు కొట్టింది. వీధి చివరి ఎత్తు ఎక్కి దిగేసరికి నూనె కాలిన వాసన.

కారుని గేటు లోపలికి తెచ్చి, వెనకున్న ఇంజను మూత ఎత్తారు. బెల్మా ఒక రంధ్రం ముందు అరచెయ్యి పెట్టింది. గాలి జోరుగా తగిలింది.

"చల్లబరచాల్సిన గాలంతా ఇటే పోతోంది. ఆపెయ్, నెదీం."

ఇంజను చల్లారేదాకా అరగంట ఆగారు. సముద్రం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మళ్లీ స్టార్ట్ చేస్తే, ఇంజను ఏ తేడా చప్పుడూ లేకుండా తిరిగింది. నెదీం ఊపిరి వదిలాడు.

బెల్మా గేటు దాకా పరుగెత్తింది. వీధిలో ఎవరూ లేరు. గేటు స్తంభం మీద రొట్టె కాగితంలో ఒక పొట్లం ఉంది. విప్పితే రెండు రేకు మూతలు. అంచులు అప్పుడే ఆకురాయి పెట్టినట్టు మెరుస్తున్నాయి.

కొలత తీసుకోకుండా చేసినవి. రంధ్రాల్లో టక్కున కూర్చున్నాయి.

"నేను నవ్వాను కూడా" అంది బెల్మా. "ఆయనెవరో ఎలా కనుక్కోవడం?"

నెదీం ఫోనులో రేపటి పోటీదారుల జాబితా చూస్తూ ఒకచోట ఆగిపోయాడు.

"కనుక్కోనక్కర్లేదు. పొద్దున ఆరింటికల్లా కొండ కింద ఉందాం. ముందు ఆయనకి క్షమాపణ, తర్వాతే హెల్మెట్."

అతను ఫోను ఆమె వైపు తిప్పాడు: నెదీం పేరుకి సరిగ్గా పైన, ఏడేళ్లుగా ఆ కొండ మీద ఎవరికీ ఓడని ఆ పెద్దాయన, గెలిచిన కప్పు పట్టుకుని ఫొటోలో నవ్వుతున్నాడు.