అత్తయ్య తెచ్చిన మాడ్యూళ్ళు

మాడ్యూల్ తీసి మళ్ళీ పెట్టినా స్విచ్ మీద దీపం వెలగలేదు.

ఇంజనీరు నడుం పట్టుకుని లేచి నిలబడింది. ఆస్పత్రి పాత భవనంలో, మెట్ల కింద ఉన్న ఇరుకు గది అది. కొత్త భవనంలోని స్కానింగు యంత్రం తీసే బొమ్మలు భూమిలో వేసిన ఫైబర్ కేబుల్ గుండా వెలుగుగా వచ్చి ఈ గదిలోని స్విచ్‌కి, అంటే కంప్యూటర్లను కలిపే పెట్టెకి చేరాలి. కేబుల్ రెండు చివరలా ఆ వెలుగును పంపి, అందుకునే చిన్న పరికరమే మాడ్యూల్. ఇక్కణ్ణుంచి డాక్టర్ల కంప్యూటర్లకు వెళ్ళాలి. అది జరిగేదాకా నర్సులు ఫిల్ములకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని వానలో ఆవరణ దాటుతున్నారు.

ఆమె సొంతంగా ఒప్పుకున్న మొదటి పని ఇది. సాయంత్రానికి పూర్తికాకపోతే వేరేవాళ్ళని పిలవక తప్పదని మేనేజరు మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. ఆ మర్యాదకే ఆమెకు ఎక్కువ భయమేసింది.

ఇక ఏమీ తోచక అత్తయ్యకు ఫోన్ చేసింది.

అత్తయ్య టెలిఫోన్ల శాఖలో కేబుళ్ళ విభాగం ఇంజనీరుగా చేసి రిటైరైంది. పెళ్ళైన కొత్తలో, చదువుండీ ఇంట్లో ఊరికే కూర్చున్న ఈమెను భోజనాల బల్ల ముందు కూర్చోబెట్టి, వెంట్రుకంత గాజుపోగును అతకడం నేర్పింది ఆవిడే. పోగు విరిగినప్పుడల్లా ఇది తనవల్ల కాదని ఈమె మొత్తుకునేది. ఆవిడ పల్లెత్తు మాట అనకుండా ఇంకో పోగు చేతికిచ్చేది.

సంగతంతా విని అత్తయ్య ఏం మాడ్యూళ్ళు తెచ్చావని అడిగింది.

"సింగిల్ మోడ్‌వి అత్తయ్యా. ఇక్కడ స్విచ్‌కి తగిలించిన తీగ పసుపు రంగుది, ఆ రకానికి వాడే రంగు, అందుకని."

"ఆ చిన్న తీగ ఎవరైనా తెచ్చి తగిలించి ఉండొచ్చు. దాని రంగు నమ్మకు. గోడలోంచి వచ్చే అసలు కేబుల్ మీద ఏం రాసుందో చదివి చెప్పు."

ఫోన్ లైటు వేసి, నల్లటి కేబుల్ మీద దుమ్ము తుడిచింది. చిన్న అక్షరాలు బయటపడ్డాయి. చదివి వినిపించేసరికి అటునుంచి అత్తయ్య నిట్టూర్చింది.

"అది మల్టీమోడ్ అమ్మా. దగ్గరి దూరాలకు వేసే రకం, లోపల గాజుదారి లావుగా ఉంటుంది. నువ్వు తెచ్చినవి సన్నదారికి చేసినవి. వెలుగు సరిగ్గా అందదు."

సరైనవి కావాలంటే దుకాణంవాళ్ళు తెప్పించేసరికి రేపు దాటుతుంది. తన బీరువాలో ఉన్నాయని, తెస్తున్నానని అత్తయ్య చెప్పింది. ఇంత వానలో వద్దని ఈమె అనబోయేలోపే ఫోన్ పెట్టేసింది.

గొడుగు నీళ్ళు కారుతుండగా, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని వచ్చింది అత్తయ్య. సంచిలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసింది. అందులో మాడ్యూళ్ళు, వాటికి సరిపడే నారింజరంగు తీగలు ఉన్నాయి. మూల ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది తప్ప స్విచ్ మీద చెయ్యి వేయలేదు.

"నువ్వే పెట్టు. ఇది నీ పని."

కొత్త భవనంలో ఒకటి బిగించి, పరుగున వచ్చి ఇక్కడ రెండోది పెట్టింది. పాత స్విచ్ దాన్ని ఒప్పుకోలేదు. తీసి మళ్ళీ పెట్టినా అంతే. అత్తయ్య మాత్రం తొణక్కుండా స్విచ్ ఏ కంపెనీదో అడిగి, డబ్బా అడుగునుంచి మరోటి వెతికి తీసింది. కొన్ని స్విచ్‌లు తమ కంపెనీ గుర్తు రాసి ఉన్న మాడ్యూళ్ళనే రానిస్తాయని, ఇది ఆ గుర్తు ఉన్నదేనని చెప్పింది. కనెక్టరు కొస మాత్రం తుడవకుండా గుచ్చవద్దంది.

ఆమె కొస తుడిచి పెట్టింది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

కాసేపటికి స్కానింగు గది నుంచి ఫోన్ వచ్చింది. మొదటి బొమ్మ డాక్టరు కంప్యూటర్లో కనబడుతోందట. ఫిల్ము పట్టుకుని వానలోకి దిగబోతున్న నర్సు ఆ కబురు విని, గొడుగు మూసేసి, హాయిగా నవ్వుకుంటూ వెనక్కి తిరిగింది.

మేనేజరు స్వయంగా టీ పట్టుకొచ్చాడు. వచ్చినావిడ ఎవరో తెలుసుకుని తెగ సంబరపడ్డాడు. ఇలాంటి అత్తాకోడళ్ళున్న ఇంట్లో ఈమె భర్తకి నోరెత్తే పని ఉండదన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

బస్టాపుకి వచ్చేసరికి వాన వెలిసింది.

"మీరు రాకపోతే ఈ పని పోయేదత్తయ్యా. అసలు మీరు నేర్పకపోతే నాకు ఏ పనీ ఉండేది కాదు." ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఇంకో మాట మాట్లాడావంటే వెళ్ళి ఆ మాడ్యూళ్ళు పీక్కొచ్చేస్తాను," అంది అత్తయ్య, గొడుగు దులుపుతూ. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి.

వచ్చేవారం మామయ్యకు కంటి ఆపరేషను. ఆ రోజు ఏ పనీ ఒప్పుకోలేదని, పొద్దున్నే వచ్చేస్తానని ఈమె చెప్పింది. నువ్వు పక్కనుంటేనే ఆయన కదలకుండా పడుకుంటారని అత్తయ్య అంది. ఈలోపు బస్సు వచ్చింది. కిటికీలోంచి చెయ్యి చాపి ఈమె చెంప నిమిరి, వేళకి తినమని చెప్పింది.

బస్సు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది.

ఆవిడ కొడుకుతో ఆమెకు విడాకులై అప్పటికి నాలుగేళ్ళు.