మడుగులో మన సగం

కొండ కింది మడుగు ఇసుక మేట వేసి పూడిపోయింది. మిగిలిన కాసిని నీళ్ళూ బురదవుతుంటే జంతువులన్నీ కలిసి ఏనుగు దగ్గరికెళ్ళి, పూడిక తీసిపెట్టమని బతిమాలాయి.

"సగం నేను తీస్తాను. తక్కిన సగం మీరు తియ్యాలి. మీరు మొదలుపెట్టిన రోజే నేనూ దిగుతాను," అంది ఏనుగు.

తిరిగొచ్చే దారిలో నక్క మూతి ముడుచుకుంది. "కొండంత ఒళ్ళు పెట్టుకుని మనచేత మట్టి మోయించడమేమిటి? ఊరుకోండి. దాహమేస్తే ఏనుగు మామే వచ్చి మొత్తం తవ్వుతాడు."

అన్నీ ఊరుకున్నాయి. ఎండలు ముదిరాయి.

ఒకనాడు తన పిల్లలు తడి కోసం బురద నాకుతుంటే అడవిపంది చూసింది. తల్లి ప్రాణం ఆగలేదు. అప్పటికప్పుడు మడుగులో దిగి మూతితో తవ్వసాగింది. అది చూసి సిగ్గుపడి ముళ్ళపంది దిగింది, వెనకే కుందేళ్ళు దిగాయి. సాయంత్రానికల్లా ఏనుగూ వచ్చింది. మట్టి జారకుండా పిట్టలు గట్టు నిండా గరిక గింజలు చల్లాయి. అందరూ పనిలో ఉంటే ఒక్కతే కూర్చోలేక నక్క కూడా మట్టి గీరింది.

"మామా, మొత్తం నువ్వే తవ్వుంటే ఎప్పుడో అయిపోయేది కదా?" అంది రొప్పుతూ.

"పక్క అడవిలో అలాగే తవ్వి ఇచ్చాను," అంది ఏనుగు. "తర్వాత గట్టు తెగితే ఒక్కరూ పట్టించుకోలేదు. అది ఏనుగు మడుగు, మనకెందుకు అన్నారు."

తొలకరికి మడుగు నిండింది. ఆ జోరువానలోనే గట్టు ఓ మూల జారసాగింది. ఏనుగుకు కబురందేలోపే నక్క అక్కడుంది. నాలుగు కాళ్ళతో మట్టి ఎగదోస్తూ అరుస్తోంది.

"రండర్రా, మన గట్టు పోతోంది!"