పరీక్షకు పోయిన నీళ్లు

“బుడ్డిలో పట్టుకొస్తే చెల్లదమ్మా. మేమే వచ్చి తియ్యాలె,” అన్నాడు నీళ్ల పరీక్షల ఆఫీసు గుమాస్తా తల ఎత్తకుండానే.

“ఎప్పుడొస్తరు మరి?” అంది తాహేరా.

“జీపు మరమ్మతుకు పోయింది.”

“పోయినసారి సారు క్యాంపుల ఉన్నడంటిరి. అంతకు ముందు సంతకం కాలేదంటిరి. బిడ్డకు సీసం పట్టిందని పెద్ద దవాఖానల చెప్పిండ్రు భయ్యా. మీ జీపు బాగయ్యేదాంక ఆ నీళ్లే తాపాల్నా?”

గుమాస్తా ఇంకో ఫైలు తెరిచాడు. నీళ్ల బుడ్డిని కొంగు చాటున పెట్టుకుని తాహేరా కామారెడ్డి బస్టాండుకు నడిచింది. ఎల్లారెడ్డి బస్సులో కూర్చున్నా ఆమె కోపం చల్లారలేదు.

కూతురు హఫీజాకు ఆరేళ్లు. ఆ ఏడు, అంటే ఎనభై ఆరు ఎండాకాలం నుంచీ, పిల్ల కడుపునొప్పితో మెలికలు తిరుగుతోంది. తిన్నది ఇమడదు. గల్లీ అంతా గంతులేసే పిల్ల గడపకు ఒరిగి కూర్చుంటోంది. కామారెడ్డి తీసుకెళ్తే డాక్టరమ్మ చిగుళ్ల మీద నీలిగీత చూసి, నెత్తురు హైదరాబాదుకు పంపించి, ఒంట్లోకి సీసం పోతోందని తేల్చింది. నీళ్లలోనో తిండిలోనో వస్తుండాలి, కనిపెట్టండి అంది. ఆ మాటకు పక్కనే ఉన్న మొగుడు సత్తార్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. బిడ్డంటే ప్రాణం ఆయనకు.

తాహేరా మాత్రం ఆ రోజే కనిపెట్టేసింది. గల్లీ వాళ్లందరికీ ఒకటే మంచినీళ్ల బావి. దాన్ని ఆనుకునే గంగారాం బ్యాటరీల దుకాణం. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి యాసిడంతా మురికి మోరీలోకి వదులుతాడు.

“సీసమంటే ఏందే? గాజు పెంకులా?” అని అడిగింది పక్కింటి ఈరవ్వ. ఆమె మనుమడికీ అదే కడుపునొప్పి.

“కాదవ్వా, బ్యాటరీల నల్లగ ఉంటది చూడు, గది. కంటికి కనబడకుంటనే నీళ్లల్ల కలుస్తది.”

తాహేరాకు ఆఫీసు వాళ్ల కంటే మొగుడి మీదే ఎక్కువ మంటగా ఉంది. సత్తార్ తగరం కరిగించి రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పెడతాడు. ఈరవ్వ ఇంటితో సహా ఆ గల్లీలో సగం ఇళ్ల గిన్నెలు ఆయన చేతిలో పడ్డవే. ఆయన నోరు తెరిస్తే నలుగురూ వింటారు. తెరవడే!

“గంగారాంను నిలదీద్దాం రా, హఫీజా అబ్బా.”

“తొందరపడకు తాహేరా. నీళ్లే అని ఎవరు జెప్పిండ్రు?”

“ఇంకేముంటది?”

సత్తార్ లేచి అవతలికి పోయాడు. పొగకు దగ్గొస్తోందని కొలిమి ఆర్పేసి ఇంట్లోనే కూర్చుంటున్నాడు. ఉన్నట్టుండి ఒకరోజు సంతకు పోయి మట్టి కుండలు, చట్టీలు మోసుకొచ్చాడు. ఇక వంటంతా వీటిలోనే, పిల్లకు చలువ అన్నాడు.

“నేను ఆఫీసుల సుట్టు తిరిగి చెప్పులరగ్గొట్టుకుంటుంటే నువ్వు కుండలు కొంటున్నవా!” అని తాహేరా నెత్తి కొట్టుకుంది.

చివరికి జీపు వచ్చింది. నీళ్లు పట్టుకుని హైదరాబాదుకు పంపుతామని వెళ్లిపోయింది. మళ్లీ ఉలుకూ పలుకూ లేదు. గల్లీ ఆడవాళ్లకు ఓపిక నశించింది. తాహేరా ముందు నడిచింది. అందరూ కలిసి గంగారాం బ్యాటరీలు రోడ్డు మీద పారేశారు.

“నా పిల్లలు గూడ గీ బాయి నీళ్లే తాగుతరు వదినా! వాళ్లకేం గాలే గదా!” అని గంగారాం మొత్తుకున్నాడు.

ఎవరూ వినలేదు. సామాను బండి మీద వేసుకుని, పెళ్లాం పిల్లలతో నాగిరెడ్డిపేట దారి పట్టాడు. బండి కదులుతుంటే సత్తార్ లోపలికి పోయి తలుపేసుకున్నాడు. “పిరికోడు,” అనుకుంది తాహేరా.

గల్లీ వాళ్లంతా బావి మానేసి, దూరమైనా బడి దగ్గరి బోరింగు నీళ్లు మోసుకున్నారు. హఫీజా మెల్లగా తేరుకుంది. వానలు పడేసరికి మళ్లీ గంతులు మొదలుపెట్టింది.

“చూసినవా? నేను జెప్పలే?” అంది తాహేరా. సత్తార్ తల వంచుకున్నాడు.

పండుగ దాటాక జీపు మళ్లీ వచ్చింది. “పరీక్ష అయిందమ్మా. బావిలో సీసం ఇసుమంత గూడ లేదు. మంచిగ తాగుండ్రి,” అన్నాడు సారు.

“ఒట్టి అబద్ధం! ఆ నీళ్లు మానేసినంకనే గదా నా బిడ్డ లేచి తిరుగుతున్నది!”

“నన్నేం జెయ్యమంటవమ్మా? ఉన్నది జెప్పిన,” అని సారు జీపెక్కాడు.

తాహేరా ఇంట్లోకి విసురుగా వచ్చింది. సత్తార్ ఆరిన కొలిమి ముందు కూర్చుని ఉన్నాడు.

“విన్నవా ఆ మాట? గంగారాం ఆఫీసోళ్లను పట్టుకున్నట్టుంది. రేపు మల్ల కామారెడ్డి పోత. ఇంకోసారి పరీక్ష చెయ్యుమంట. మన పిల్ల బాగైంది, సరే. ఈరవ్వ మనుమడు ఇంకా మెలికలు తిరుగుతనే ఉన్నడు. బావి నీళ్లు వాళ్లు గూడ మానేసిరి, వానికెందుకు తగ్గుతలేదు? ఇప్పుడన్న నా ఎంబడి వస్తవా, రావా?”

సత్తార్ లేవలేదు. ఆమె వైపు చూడనూ లేదు.

“తగరంల సీసం కలిపిన తాహేరా,” అన్నాడు.