ముందు బెంచీ మనీష

“సార్, బోర్డు అగుపడ్డం నేదు. నోటితో సెప్పండి సార్.”

మనీష ఇలా అడగడం ఆ వారంలో నాలుగోసారి. ఉమాపతి మాస్టారికి చిరాకేసింది. రెండు సమాంతర రేఖలు, వాటిని ఖండించే ఇంకో రేఖ, ఎనిమిది కోణాలు. ఇప్పుడేగా గీశారు.

“ముందు బెంచీలో కూకుని అగుపడ్డం నేదంతావేటమ్మీ?”

విసుక్కుంటూనే అంతా నోటితో చెప్పారు. ఏ కోణం ఏ కోణానికి సమానం, ఎందుకు సమానం. పదో తరగతి మొత్తం తలలు వంచుకుని రాసుకుంది.

సెమిలిగుడ ఊరి బడిలో ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి. కారణం రాయని మెట్టుకు సున్నా వేసే మనిషి. ఎవరి నిరూపణ వారు లేచి చదివి వినిపించాలని ఈ ఏడాది కొత్త నియమం కూడా పెట్టారు. మనీష చదివితే ఒక్క కారణమూ తప్పేది కాదు. తన తర్వాత ఇక్కడ లెక్కలు చెప్పేది ఈ పిల్లేనని మురిసిపోయేవారు.

ఆయనకు తెలిసిన విద్య నిరూపణ ఒక్కటే, ఆ వరసలోనే ఆలోచించారు. బోర్డు మీద బొమ్మ ఉంది. మిగతా పిల్లలెవరూ కనబడలేదనడం లేదు. ఈ పిల్ల ఒక్కతే అంటోంది. కాబట్టి ఈ పిల్లకు చూపు పోతోంది.

ఆ రోజు ఆయనకు అన్నం సయించలేదు. ఇంత బంగారంలాంటి పిల్లకా అని స్టాఫ్ రూంలో ఒక్కరే కూర్చుని ఏడ్చారు.

ఉల్లిపాయల దుకాణానికి వెళ్లి ఆమె తండ్రి ఢిల్లీశ్వరరావుకు చెప్పారు. లారీ లోడు దింపిస్తున్న తండ్రి నమ్మలేదు. ఇంట్లో సూదికి దారం ఎక్కించేది మనీషేనన్నాడు. మాస్టారు ఊరుకుంటారా? ఆదివారం కంటి శిబిరానికి తానే తీసుకెళ్లారు. లారీల మధ్య రోడ్డు దాటేటప్పుడు మనీష ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. భయపడుతోంది పాపం అనుకున్నారు.

డాక్టరు గోడమీది అక్షరాలు చదవమన్నాడు. మనీష అన్ని వరసలూ చదివింది, అడుగున ఉన్న సన్న అక్షరాలతో సహా.

“మరి అబద్ధం ఎందుకు సెప్పేవమ్మీ?” అన్నారు మాస్టారు. కోపం కంటే సంతోషమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

మనీష ఆయనవైపు చూడలేకపోయింది. కళ్లు తుడుచుకుంటూ డాక్టరుతో అంది.

“నాకు బాగానే అగుపడతాది డాక్టరు గారూ, దసరా కాణ్నుంచీ మా సారే గీసిన గీతల మీద మళ్లీ గీతలు గీసేస్తన్నారు, మా సారు కళ్లు సూడండి.”